తపాలా సంచీలో గడియారం

మా షామ్‌బర్గ్‌లో ఉన్నవాళ్ళకీ, ఆర్నెల్ల వీసా మీద వచ్చి వెళ్ళిన అమ్మానాన్నలకీ వుడ్‌ఫీల్డ్ మాల్ గురించి చెప్పక్కర్లేదు. చలికాలంలో నడకకి వేరే దిక్కులేక, స్వెటరూ మఫ్లరూ వేసుకుని ఆ మాల్లోనే నాలుగు చుట్లు తిరిగే పెద్దవాళ్ళు మనవాళ్ళలో చాలామందే ఉంటారు. 1971లో తెరిచిన ఆ మాల్ పేరులో 'వుడ్' అంటే అడవీ కాదు, 'ఫీల్డ్' అంటే పొలమూ కాదు. మొదటిది సియర్స్ కంపెనీని చాలా ఏళ్ళు నడిపిన రాబర్ట్ వుడ్ పేరు, రెండోది షికాగో వ్యాపారి మార్షల్ ఫీల్డ్ పేరు. ఆ మాల్లోని సియర్స్ దుకాణం 2021 నవంబరులో మూతపడింది. ఇల్లినాయ్ మొత్తానికి అదే చివరి సియర్స్. పక్కనే హాఫ్‌మన్ ఎస్టేట్స్‌లో ఉన్న వాళ్ళ ప్రధాన కార్యాలయాన్ని కూడా అమ్మేశారు. ఆ స్థలంలో డేటా సెంటర్లు కడుతున్నారు. అంటే మనలాంటి వాళ్ళ పొట్టకూటి సరంజామా అన్నమాట.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఒకప్పుడు అమెరికాలోకెల్లా పెద్ద దుకాణమైన ఈ సియర్స్ పుట్టింది ఎవరికీ అక్కర్లేని ఒక వాచీల పార్సెలులోంచి. విలువైన వస్తువుని కంటికి కనపడని మనిషి చేతిలో పెట్టి, వెయ్యి మైళ్ళ అవతల ఉన్న ఇంకో కనపడని మనిషికి చేర్చడం ఎలా అన్న ప్రశ్నకి మనుషులు వెతుక్కున్న జవాబుల చరిత్ర కూడా దాదాపు ఇక్కడే, మా ఇంటి చుట్టుపక్కలే కనిపిస్తుంది. ఆ చరిత్ర ఒక కొసన కృష్ణ ఒడ్డున మన పల్నాడు కూడా ఉంది. అది తరవాత.

ముందు వాచీలు ఎక్కణ్ణించి వచ్చాయో చూద్దాం. మా ఊరికి పడమరగా ఇరవై నిమిషాలు కారులో వెళితే ఎల్జిన్ వస్తుంది. అక్కడ 1864లో గడియారాల కంపెనీ ఒకటి పెట్టారు. మొదటి వాచీ 1867లో బయటికొచ్చింది. షికాగోకి ఒకప్పుడు మేయరుగా చేసిన బి. డబ్ల్యూ. రేమండ్ పేరు దానికి పెట్టారు. ధర వంద డాలర్ల పైచిలుకు. ఆ రోజుల్లో అది మామూలు కూలీవాడికి నెలల తరబడి సంపాదన. దాని మీద చెక్కిన వరుస సంఖ్య 101. ఈ సంఖ్యని గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పనుంది. తరవాతి వందేళ్ళలో ఆ కంపెనీ ఆరుకోట్ల దాకా గడియారాలు చేసింది. 1910లో కట్టిన చిన్న నక్షత్రశాల ఎల్జిన్‌లో ఇప్పటికీ ఉంది. నక్షత్రాల్ని చూసి టైము సరిచేసి, దాన్నిబట్టి ఫ్యాక్టరీలో వాచీలు సరిచేసేవాళ్ళు. ఫ్యాక్టరీని మాత్రం 1966లో పడగొట్టేశారు.

అంతమందికి వాచీలు ఎందుకు కావలసొచ్చాయి? రైళ్ళవల్ల. 1883 నవంబరు 18 దాకా అమెరికాలో ఏ ఊరి టైము ఆ ఊరిదే. నడినెత్తిన సూర్యుడుంటే పన్నెండు. ఆ అక్టోబరులో రైల్వేల వాళ్ళు షికాగోలో కూచుని దేశాన్ని టైము జోన్లుగా విడగొట్టారు. (మన దగ్గర మద్రాసు టైము చాలాకాలం రైల్వే టైముగా నడిచింది, దేశమంతటికీ ఒకే టైము 1906లో వచ్చింది.) 1891లో ఒహాయోలోని కిప్టన్ దగ్గర రెండు రైళ్ళు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఒక డ్రైవరు వాచీ నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ నడవడమే కారణమని చెబుతారు. ఆ తరవాత రైల్వే వాళ్ళ వాచీల మీద కఠినమైన తనిఖీలు మొదలయ్యాయి. రైలు ఉద్యోగికి మంచి వాచీ లేకపోతే ఉద్యోగానికే ఎసరు. మిగతా జనానికి అది హోదా. మన దగ్గర అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో అని అడిగిన రోజులున్నాయి కదా, అలాంటిదే.

ఇప్పుడు సియర్స్ కథ. 1886లో మినసోటాలోని నార్త్ రెడ్‌వుడ్ అనే చిన్న స్టేషన్లో రిచర్డ్ సియర్స్ అనే కుర్రాడు స్టేషను ఏజెంటు. ఒకరోజు షికాగో నుంచి ఆ ఊరి నగల వర్తకుడి పేర ఒక పెట్టె వాచీలొచ్చాయి. ఆయన నేను అడగలేదు, నాకొద్దు పొమ్మన్నాడు. అప్పట్లో హోల్‌సేల్ వాళ్ళకి ఇదొక అలవాటు. అడక్కుండానే సరుకు పంపడం, వద్దంటే తిప్పి పంపే ఖర్చు మాకెందుకు, ధర తగ్గిస్తాం ఉంచుకోండి అనడం. సియర్స్ ఆ వాచీలు తను తీసుకుంటానని రాశాడు. ఒక్కోటి 12 డాలర్లకి తీసుకుని, లైను వెంబడి ఉన్న తోటి స్టేషను ఏజెంట్లకి 14 డాలర్లకి ఇచ్చాడని, ఆపైన ఎంతకి అమ్ముకున్నా వాళ్ళ లాభమేనని చెబుతారు. కొన్ని నెలల్లో ఉద్యోగం మానేసి వాచీల కంపెనీ పెట్టాడు. 1887లో షికాగో చేరి, వాచీలు బాగుచేసేవాడు కావాలని పేపర్లో ప్రకటన ఇస్తే, ఇండియానాలోని హామండ్ నుంచి ఆల్వా రోబక్ అనే అతను వచ్చాడు. 1893 నాటికి 'సియర్స్, రోబక్ అండ్ కో' తయారు.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా సియర్స్ మాటకారితనాన్ని మెచ్చుకుని వదిలేస్తారు. నాకు మాత్రం ఇందులో అసలు తెలివి ఇంకోటి కనిపిస్తుంది. 14 డాలర్ల వాచీని ముఖం తెలీని మనిషికి అప్పు మీద పంపితే, తీసుకుని నోరు మూసుకుంటే ఏం చేస్తావు? సియర్స్ పంపింది ఎవరికిపడితే వాళ్ళకి కాదు. స్టేషను ఏజెంట్లకి. వాళ్ళు రైల్వేకి పూచీకత్తు బాండు ఇచ్చిన ఉద్యోగులు. రోజూ జనం డబ్బూ సామానూ వాళ్ళ చేతులమీదుగా పోతాయి. పద్నాలుగు డాలర్ల కోసం ఉద్యోగం పోగొట్టుకునేవాడు ఎవడూ ఉండడు. అంటే రైల్వే వాళ్ళు తమ కోసం చేసుకున్న భీమాని సియర్స్ ఒక్క పైసా ప్రీమియం కట్టకుండా వాడుకున్నాడు. వస్తువుని కాదు, మనిషిని ఇన్షూరు చేసిన వ్యవస్థ మీద తన వ్యాపారం నిలబెట్టుకున్నాడు.

ఇది మనకి కొత్తేమీ కాదు. మన వర్తకుల్లో జోఖమి హుండీ అని ఒకటుండేది. సరుకు క్షేమంగా చేరితేనే ఆ హుండీకి డబ్బు చెల్లిస్తారు. దారిలో మునిగితే హుండీ కొన్నవాడికి నష్టం. అప్పూ భీమా రెండూ ఒకే కాగితంలో. ఆ కాగితం నడిచింది కూడా కోర్టుల భయంతో కంటే బజారులో పేరు పోతుందన్న భయంతో.

అయితే దేశం పెద్దదయ్యేకొద్దీ పరిచయాల మీద, పరువు మీద బండి నడవదు. అక్కడ తపాలా శాఖ వస్తుంది. తపాలా వాళ్ళు ఈ సమస్యకి రెండు వేరువేరు మందులు కనిపెట్టారు. మనం ఆ రెండిటినీ కలిపేసి 'రిజిస్టరు చేశాం, భయం లేదు' అనేస్తాం. కానీ రెండూ ఒకటి కాదు.

మొదటిది రిజిస్ట్రేషన్. అమెరికాలో ఇది 1855 జులై 1న మొదలైంది. ఇందులో కవరుకి ఒక నంబరు వేస్తారు. అది ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారిన ప్రతిసారీ పుచ్చుకున్నవాడు సంతకం పెట్టాలి. మా సాఫ్ట్‌వేరు భాషలో చెప్పాలంటే ఇది లాగ్. ఎక్కడ పోయిందో తెలుస్తుంది, ఎవరి చేతిలో పోయిందో తెలుస్తుంది. మరి పోతే డబ్బిస్తారా? ఇవ్వరు. 1898 దాకా అమెరికా తపాలా శాఖ రిజిస్టరు ఉత్తరం పోతే దమ్మిడీ ఇచ్చేది కాదు. నలభై మూడేళ్ళపాటు జనం కేవలం ఆ సంతకాల వరుస కోసమే అదనంగా డబ్బు కట్టారు. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు వింతగా అనిపించింది. ఆలోచిస్తే న్యాయమే. పోయాక వచ్చే డబ్బు కంటే, పోకుండా ఉండటం ముఖ్యం కదా.

రెండోది ఇన్షూరెన్స్. ఇందులో లాగ్ అంత గట్టిగా ఉండదు, పోతే మాత్రం పరిహారం ఇస్తారు. అమెరికాలో పార్సెళ్ళకి ఇది 1913 జనవరి 1న, పార్సెల్ పోస్టుతోబాటే వచ్చింది. అంతకుముందు నాలుగు పౌన్లు దాటిన సరుకుని తపాలా వాళ్ళు ముట్టుకునేవాళ్ళు కాదు. విలువైనవన్నీ ఆడమ్స్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, వెల్స్ ఫార్గో లాంటి ఎక్స్‌ప్రెస్ కంపెనీల ద్వారా పోయేవి. సియర్స్ వాచీలు కూడా అలాగే వెళ్ళేవి. ముందు డబ్బు పంపక్కర్లేదు, ఎక్స్‌ప్రెస్ ఆఫీసులో వాచీ చూసుకుని, నచ్చితేనే డబ్బు కట్టమనేవాళ్ళు. పార్సెల్ పోస్టు రాగానే ఆ గుత్తాధిపత్యం పోయింది. మొదటి ఆరు నెలల్లోనే 30 కోట్ల పార్సెళ్ళు పోయాయి. పది సెంట్లు కడితే 50 డాలర్ల దాకా ఇన్షూరెన్స్. ఆ మొదటి నెలలోనే ఒహాయోలో ఒక దంపతులు తమ పసిబిడ్డని పార్సెల్ పోస్టులో మైలు దూరంలో ఉన్న నాయనమ్మ ఇంటికి పంపారు. తపాలా ఖర్చు 15 సెంట్లు, ఇన్షూరెన్స్ 50 డాలర్లు! పోస్టుమాన్ తెలిసినవాడే, బిడ్డ క్షేమంగానే చేరాడు లెండి. తరవాత మనుషుల్ని పంపకూడదని రూలు పెట్టారు.

ఈ విషయంలో మన దేశం అమెరికా కంటే ముందుంది. వి.పి.పి. మనకి 1877లోనే వచ్చింది. సరుకు పుచ్చుకునేటప్పుడు పోస్టుమాన్‌కి డబ్బిస్తే, తపాలా వాళ్ళే ఆ డబ్బు పంపినవాడికి చేరుస్తారు. అమెరికా తపాలాలో ఇలాంటి పద్ధతి 1913 జులైలో గానీ రాలేదు. ఇన్షూరెన్సేమో మనకి 1878లో వచ్చింది. అదే ఏడాది పారిస్‌లో జరిగిన తపాలా మహాసభలో, విలువ చెప్పి పంపే ఉత్తరాల గురించి దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. మన వారపత్రికల వెనక అట్టల మీద వి.పి.పి.లో వాచీ, వి.పి.పి.లో ట్రాన్సిస్టరు అన్న ప్రకటనలు చూస్తూ పెరిగిన తరం మాది. డబ్బు కట్టి విప్పి చూస్తే లోపల ఇటుకముక్క ఉందన్న కథ ప్రతి ఊళ్ళోనూ ఒకటుండేది. వి.పి.పి. పార్సెలుకి కాపలా కాస్తుంది గానీ, లోపలున్నది వాచీయా ఇటుకా అన్నది దానికి తెలీదు. ఏ లాగ్ అయినా అంతే.

మన ఇన్షూర్డ్ పార్సెలు చూసినవాళ్ళు దాన్ని మరచిపోరు. తెల్లగుడ్డలో చుట్టి చుట్టూ కుట్టు వేసేవాళ్ళు. ప్రతి కుట్టు మీదా ఎర్రలక్క కరిగించి ముద్ర వెయ్యాలి. ముద్రలన్నీ ఒకేలా ఉండాలి, పంపేవాడి సొంత ముద్ర అయ్యుండాలి. రూపాయి బిళ్ళతో నొక్కేస్తానంటే కుదరదు, ఎందుకంటే అలాంటి బిళ్ళ దొంగ దగ్గరా ఉంటుంది. విలువని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. బరువు కచ్చితంగా తూచి రాస్తారు. ఎవరైనా లక్క తీసి, వాచీ కాజేసి, మళ్ళీ అతికిస్తే ముద్రా కలవదు, తూకమూ కలవదు. ఇప్పటి భాషలో చెక్‌సమ్ అంటాం. లక్క, తూకం, సంతకం మూడూ కలిస్తే నూటయాభై ఏళ్ళ కిందటి చెక్‌సమ్. ఎల్జిన్ వాచీ మీది వరుస సంఖ్య చేసే పనీ ఇదే. పోయింది ఏ వాచీయో, దొరికింది అదేనో కాదో తేల్చడానికి ఆ సంఖ్య తప్ప వేరే సాక్ష్యం ఉండదు. అందుకే ఇప్పటికీ ఖరీదైన వాచీని పంపేవాళ్ళు ముందుగా రాసుకునేది ఆ నంబరునే.

ఈ సంతకాల గొలుసు ఎంత గట్టిదో, ఎక్కడ తెగుతుందో చెప్పే కథ కూడా మాకు దగ్గర్లోనే జరిగింది. మా ఊరికి ఈశాన్యంగా లేక్ కౌంటీలో రాన్‌డౌట్ అనే చోట 1924 జూన్ 12 రాత్రి ఒక మెయిలు రైలుని ఆపి రిజిస్టరు సంచులు దోచుకున్నారు. 20 లక్షల డాలర్ల పైనే పోయింది. అమెరికా చరిత్రలోకెల్లా పెద్ద రైలు దోపిడీ అంటారు దీన్ని. చేసింది టెక్సస్‌కి చెందిన న్యూటన్ సోదరుల ముఠా. చీకట్లో పొరపాటున తమవాణ్ణే ఒకణ్ణి తామే కాల్చుకున్నారు. అతనికి షికాగోలో రహస్యంగా వైద్యం చేయించబోయి దొరికిపోయారు. అసలు సంగతి తరవాత తేలింది. ఏ రైల్లో ఏ సంచీ వస్తుందో వాళ్ళకి చెప్పింది విలియం ఫేహీ. అతను తపాలా శాఖ ఇన్‌స్పెక్టరు! దొంగల్ని పట్టుకోవడమే అతని ఉద్యోగం. అతనికి పాతికేళ్ళ శిక్ష పడింది. అంతకు మూడేళ్ళ ముందే, 1921లో, మెయిలు దోపిడీలు భరించలేక ప్రెసిడెంటు హార్డింగ్ తపాలాకి కాపలాగా మెరీన్ సైనికుల్ని పెట్టాడు. సైనికులు బయటివాణ్ణి ఆపగలరు. లాగ్ చదవగలిగే లోపలివాణ్ణి ఎవరు ఆపుతారు? ఈ ప్రశ్న వందేళ్ళ తరవాత మా ఆఫీసుల్లో కూడా అలాగే ఉంది.

ఇంత జరిగినా రిజిస్టరు పోస్టు మీద నమ్మకం పోలేదు. దానికి రుజువుగా చెప్పే కథే పల్నాటికి చేరుతుంది. హోప్ వజ్రం పేరు వినే ఉంటారు. 45.52 కేరట్ల నీలివజ్రం. కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు గనిలోదే అయ్యుంటుందని తెలిసినవాళ్ళ అంచనా. టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు గోల్కొండ రాజ్యం నుంచి తీసుకెళ్ళిన పెద్ద రాయిని పద్నాలుగో లూయీ కొన్నాడు. దాన్ని సాన పట్టగా పట్టగా మిగిలింది ఇది. టావెర్నియే చూసినప్పుడు కొల్లూరులో అరవై వేలమంది పనిచేసేవాళ్ళట. ఇప్పుడా గనులు పులిచింతల రిజర్వాయరు నీళ్ళలో ఉన్నాయి.

ఆ వజ్రాన్ని 1958 నవంబరులో న్యూయార్కు వర్తకుడు హారీ విన్‌స్టన్ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. సాయుధ కాపలా లేదు, ప్రత్యేక విమానం లేదు. గోధుమరంగు కాగితంలో చుట్టి పోస్టులో పంపాడు. రిజిస్టర్డ్, ఫస్ట్ క్లాస్. రెండు రోజుల తరవాత పోస్టుమాన్ తెచ్చిచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ అక్కడి తపాలా మ్యూజియంలో ఉంది. స్టాంపుల ఖర్చు 2.44 డాలర్లు. పది లక్షల డాలర్ల పరిహారానికి కట్టింది 142.85 డాలర్లు. మొత్తం 145.29.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళ కోసం ఒక చిన్న లెక్క. 1913లో 50 డాలర్ల వస్తువుకి పది సెంట్లు, అంటే లక్ష డాలర్లకి 200 డాలర్ల చొప్పున. 1958లో లక్షకి 14 డాలర్ల చిల్లర. కాలం వేరు, మొత్తాలు వేరు కాబట్టి ఈ పోలిక అచ్చంగా సరిపోదు. అయినా ఇందులో ఒక సంగతి ఉంది. ప్రీమియం నిర్ణయించేది వస్తువు ఖరీదు ఒక్కటే కాదు, అది పోయే అవకాశం కూడా. ప్రతి చేతి దగ్గరా సంతకముంటే పోయే అవకాశం తగ్గుతుంది, రేటూ తగ్గుతుంది. విన్‌స్టన్ కొన్నది సంతకాల వరుసని. ఇన్షూరెన్స్ దానికి కొసరు.

ఇప్పటికీ ఈ తేడా తెలుసుకోవడం మంచిది. అమెరికాలో రిజిస్టర్డ్ మెయిలుకి 50,000 డాలర్ల దాకా పరిహారం ఉంది. మామూలు ఇన్షూర్డ్ మెయిలుకి 5,000 దాకానే. ప్రైవేటు కొరియర్ల కాగితాల మీద 'డిక్లేర్డ్ వేల్యూ' అని ఉండేది ఇన్షూరెన్స్ కాదు, వాళ్ళ బాధ్యతకి వాళ్ళు పెట్టుకున్న హద్దు. నగలకీ వాచీలకీ ఆ హద్దు చాలాచోట్ల మరీ కిందికుంటుంది. అందుకే వాచీల వర్తకులు విడిగా పాలసీలు తీసుకుంటారు. పెట్టె మీద 'వాచీ' అన్న మాట ఎక్కడా రాయరు. మన దేశంలో 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ పేరు వింటే మనకి ఇంటర్వ్యూ ఉత్తరాలూ, లాయరు నోటీసులూ, రాఖీలూ అన్నీ గుర్తొస్తాయి.

ఇక చివరగా ఒక చిక్కు. ఏ దేశంలోనైనా తపాలా ఇన్షూరెన్స్ సూత్రం ఒకటే. నువ్వెంత విలువ రాసినా, వస్తువు అసలు విలువకి మించి ఇవ్వరు. వాచీకి అసలు విలువ అంటే బజారు విలువ. మా స్నేహితుడొకాయన వాళ్ళ నాన్నగారి ఎచ్ఎమ్‌టీ జనతా వాచీని విజయవాడ నుంచి తెప్పించుకుందామనుకున్నాడు. పాతికేళ్ళ సర్వీసులో ఆయన ఒక్కరోజు విప్పకుండా పెట్టుకున్న వాచీ. ఎచ్ఎమ్‌టీ వాళ్ళు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో 1961లో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ సంతతి.  వాళ్ళమ్మగారు ఫారం మీద విలువ ఎంత రాయమంటావురా అని ఫోన్లో అడిగారు. బజారు ధర చూస్తే వెయ్యో, పదిహేను వందలో. ఆయన చాలాసేపు ఏమీ చెప్పలేకపోయాడు. చివరికి, "పంపొద్దమ్మా, డిసెంబర్లో నేనే వచ్చి పెట్టుకుని వస్తాను" అన్నాడు.

ఆయన చేసింది తపాలా మీద అపనమ్మకం అనుకోను. హోప్ వజ్రానికి పది లక్షలని రాయొచ్చు, ఎందుకంటే పోతే పది లక్షలతో ఎవరో ఒకరి బాధ తీరుతుంది. ఏ మొత్తమిచ్చినా తీరని నష్టానికి ఇన్షూరెన్స్ పనికిరాదు. అలాంటి వాటికి పనికొచ్చేది ఆ మొదటి పద్ధతే. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, ఎవరిచ్చారో ఎవరు పుచ్చుకున్నారో తెలుస్తూ పోవడం. ఆ గొలుసులో చేతులు ఎంత తక్కువైతే అంత మంచిది. అన్నిటికంటే మంచిది రెండే చేతులుంటే.